ఇల్లటం పురుగు

మా అన్న పనిదొంగ కాదన్న కబురు నాకు మొదట తెచ్చింది మా చిన్నమ్మ కూతురు. జహీరాబాద్ దవాఖానలో నర్సు. అప్పటికి అన్నను మట్టి చేసి పదకొండు రోజులైంది.

అన్న మొగుడంపల్లి దగ్గర ఒక ఇంటికి ఇల్లటం పోయాడు. అత్తవారింట్లోనే ఉంటూ వాళ్ల చెరుకు తోట చేసేవాడు. ఆ తోటలో కొట్టిన అడవి పందిని ఊళ్లో పంచుకుంటే, తన వాటాలో సగం నాకు తెచ్చాడు. దేవుడికి స్తోత్రం చెప్పి పొయ్యి వెలిగించాను. ఆకలి మీదున్నాడని, కూర ఉడికేలోపు నాలుగు తునకలు నిప్పుల మీద కాల్చి పెట్టాను. లోపల ఎర్రగానే ఉన్నాయి.

"గిట్లుంటెనే రుచి, చెల్లె," అన్నాడు.

నేను ఉడికిన కూర తిన్నాను.

కొన్ని వారాలకు అతని కనురెప్పలు ఉబ్బాయి. ఒళ్లంతా నొప్పులు. కొడవలి ఎత్తలేకపోయాడు. అతని అత్త వాకిట్లో నిలబడి, పక్కింటికి వినబడేలా అనేది: "ఇల్లటం తెచ్చుకుంటే ఎద్దొచ్చిందనుకున్న. మంచానికి కావలి కుక్కొచ్చింది."

నా దగ్గరికొచ్చాడు. "చేతులు నాయి కానట్టున్నయి, చెల్లె."

"జర పనిల వడితె అవే పోతయి. నా ఇజ్జత్ తియ్యకు," అన్నాను.

వెళ్లాడు. చెరుకు సాలులోనే కూలాడు. గుండె వాచిందన్నారు దవాఖానలో. పిక్కలోంచి చిన్న ముక్క కోసి పరీక్షకు హైదరాబాద్ పంపారు. మూడో రోజు పోయాడు.

ఇప్పుడా పరీక్ష కాగితం మా నర్సు చెల్లెలి చేతిలో ఉంది.

"పురుగులక్కా. ఆ పందిల ఉన్నయి. మంచిగ ఉడకకపోతే సావవు. నెత్తుట్లకెల్లి కండలకు పోతయి. ఒక్కో పురుగు ఒక్కో కండ కణంల దూరుతది. దాన్ని సంపదు."

"మరి?"

"దాని పని మరిపిస్తది. ఇగ లాగుడు లేదు, ఎత్తుడు లేదు. ఆ కణమే పురుగు సుట్టు గోడ గడతది, నెత్తురు నాళాలను తెప్పించుకొని దానికి తిండి వెడతది. ఏండ్లకేండ్లు. నర్సు కణమంటరు. మా పేరే దొరికింది వాళ్లకు."

"ఇల్లటం," అన్నాను.

"ఆఁ. కూసోని తినే ఇల్లటం. అన్నలెక్క కాదు."

ఆ పురుగుల మాట అన్న అత్తకు చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది: "మాకు అంటదు గద?"

నేను బడికి పోలేదు. ఇంట్లో పలక మీద నా వేళ్లు పట్టి అక్షరాలు దిద్దించింది అన్నే. ఆ చేతికే కాలీ కాలని తునకలు అందించాను, ఆ చేతినే పనికి పొమ్మన్నాను. అక్షరాలకు దేవుడికి రోజూ స్తోత్రం చెబుతాను. ఆ మాంసానికి చెప్పిన స్తోత్రం వెనక్కి తీసుకోవడం మాత్రం నాకు తెలియదు.

ఇది చదివినవాళ్లు మీ ప్రార్థనలో మా అన్నను ఒకసారి తలుచుకోండి. పనిమంతుడని తలుచుకోండి.