నడిమి మడిలో పెసర

మునగాల అవతల సాగర్ కాలువ కింద ప్రభుదాసుకు ఎకరన్నర ఉంది. ఆ నేలకు వరి తప్ప వేరే పంట తెలియదు, ఆయనకూ అంతే. అలాంటి మనిషి పోయిన యాసంగిలో, వరి బదులు పప్పు పంట వేసే పథకానికి ఎవరొస్తారని రైతు వేదిక సమావేశంలో అడిగితే, పెసర వేస్తానని చెయ్యెత్తాడు. ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వెనక నుంచి ఎవరో నవ్వారు కూడా.

ఆయన ఊరికే ఎత్తలేదు. అంతకుముందటి సంవత్సరం వడగాడ్పులకు వరిలో సగం తాలే వచ్చింది. నీళ్లు నిలిచిన మడుల్లోంచి లేచే వాయువు కూడా ఎండలు ముదరడానికి ఒక కారణమని, అందరూ వరే వేస్తే పప్పులు ఎక్కడి నుంచి వస్తాయని వ్యవసాయ విస్తరణాధికారి వందన చెప్పింది. ఆ మాటలో ప్రభుదాసుకు న్యాయం కనిపించింది.

అయితే అక్కడ ప్రతి పొలానికీ వేరే కాలువ లేదు. తూము నీళ్లు పై మడి నిండి కింది మడిలోకి, అది నిండి ఆ కింది దాంట్లోకి దిగాలి. ప్రభుదాసు పొలం చెక్క సరిగ్గా నడిమధ్యన ఉంది, పెసరేమో నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ నీళ్లు కట్టినవాడికే అది తట్టకపోవడం విడ్డూరం. గింజలు చల్లాక గుర్తొచ్చి, ఒడ్డు వెంట సన్నటి బోదె తవ్వి కిందికి దారి ఇచ్చాడు. ఇంక బాధ లేదనుకున్నాడు.

పెసర ఏపుగా పెరిగి కాయ పట్టింది. అప్పుడే కాలువకు నీళ్లు తగ్గి వంతులు పెట్టారు. కింది పొలం సోమమ్మది. ఆమె వరి పొట్ట మీద ఉంది, నేల నెర్రెలిచ్చింది. బోదెలో పారిన నీళ్లు ఆమె మడిలో ఒక మూలను కూడా తడపలేదు. మధ్యాహ్నం వచ్చి ఒడ్డు మీద కూలబడింది.

"ప్రభూ, పొద్దుగూకితే మన వంతు ఖతం. నీ మడిలకెళ్లి ఇడిస్తెనే నాకందుతయ్."

"ఇడిస్తే నా పెసర మురుగుతదక్కా."

"నాకెరుకనే. అడగొద్దనే అనుకున్న. పానం ఆగలే."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది, తిరిగి తిట్టేవాడు. ప్రభుదాసు పార తీసుకుని తన మడికి పైనా కిందా ఉన్న ఒడ్లకు గండి కొట్టాడు. కాయ పట్టిన చేను మీదుగా నీళ్లు పోయాయి. సోమమ్మ వరి బతికింది. పెసర పసుపుబారి మురిగిపోయింది.

నష్టం రాయమంటే వందన నేలచూపులు చూసింది. "నీళ్లు మీరే ఇడిసిన్రు కదా. నష్టం కింద రాయనియ్యరు."

మళ్లీ యాసంగి ముందు సమావేశం పెట్టారు. ప్రభుదాసు లేచి నిలబడ్డాడు. "మా తూము కింద అందరం కలిసి పెసరేస్తం మేడమ్. సోమమ్మక్క గుడ ఒప్పుకుంది. పండినంక మద్దతు ధరకు కొంటమని ఒక్క మాట చెప్పున్రి, సాలు."

అందర్నీ ఒప్పించడానికి ఆయన వానాకాలమంతా ఇల్లిల్లూ తిరిగాడు. వందన ఫోన్‌లో ఏదో చూసి తలెత్తింది.

"కొనే సంగతి ముందే పైకి రాసిన, జవాబు రాలే. పథకం ఊరికి ఒక్క రైతుకే ఉన్నది. మీ పేరే రాస్త, పోయినసారి వేసిన్రు గదా."

ప్రభుదాసు బయటికొచ్చాడు. మర్నాడు అందరితోపాటే వరి నారు పోశాడు. పోస్తున్నంతసేపూ తిడుతూనే ఉన్నాడు, ఎవరిని తిట్టాలో మాత్రం తేలలేదు.