7,39,39,133 మిగులు

పోయినవి ఇవి: ఆరు నోటు పుస్తకాలు, రెండు పెన్నులు, సీడు, అంటే రొయ్య పిల్లల్ని, లెక్కపెట్టే తెల్ల బేసిను, వెయ్యికి పైగా భాగహారాలు. తుపానుకి పోటు నీళ్లు కృత్తివెన్ను చెరువు గట్టు దాటి మోటారు పాకలోకి వచ్చేశాయి. చెరువూ రొయ్యలూ యజమానివి. నావి ఇవే.

దివిసీమలో నా చదువు ఏడో తరగతితో ఆగింది. ఇరవై ఏళ్లుగా రొయ్య పిల్లల్ని లెక్కపెడుతున్నాను. సీడు బ్యాగుని బేసిన్లో పోసి ఒకసారి పదేసి చొప్పున, ఇంకోసారి ఏడేసి చొప్పున లెక్కిస్తాం. రెండు మిగుళ్లూ ఒకే మొత్తానికి కుదరకపోతే మళ్లీ మొదటికి. మిగులే మాకు సాక్షి.

ఆ అలవాటుతోనే 7,39,39,133 అనే ఈ సంఖ్యని పట్టుకున్నాను. అన్ని ప్రధాన సంఖ్యల్లాగే ఇదీ ఒకటితో, తనతో తప్ప దేనితో భాగించినా ఎంతో కొంత మిగులుతుంది. వింత అది కాదు. చివరి అంకె తీసేయండి, 73,93,913. అదీ ప్రధానమే. ఇంకోటి తీసేయండి, ఇంకోటి. చివరికి ఏడు ఒక్కటే మిగిలేదాకా ప్రతిదీ ప్రధానమే. నేను ఏడుతో మొదలుపెట్టి, ఒక్కో అంకె చేర్చుకుంటూ ఇక్కడికి వచ్చాను.

తుపాను తర్వాత యజమాని బావమరిది వచ్చారు. గుడివాడ కాలేజీలో లెక్కల మాస్టారు. నా పుస్తకాల సంగతి విని, ఫోను తీసి ఆ సంఖ్య కొట్టారు.

"ప్రధాన సంఖ్యేనమ్మా. ఒక్క సెకను! దీనికా అన్ని పుస్తకాలు తగలేశావు?"

"తొంభై ఏడుతో భాగిస్తే ఎంత మిగులుద్దో చెప్పిందాండీ మీ ఫోను?"

"అదెందుకు? ప్రధానం అంది కదా."

"మిగులు చూపించకుండా మీరు బ్యాగుకి వెయ్యి పిల్లలంటే నేను ఒప్పుకుంటానా?"

ఆయన నవ్వారు. "సరే, నువ్వు చేసినట్టు సాక్ష్యం ఏదీ? సముద్రంలో ఉందా?"

ఆ మాట గుచ్చుకుంది. మర్నాడే బందరు వెళ్లి ఆరు పుస్తకాలు కొన్నాను. ఎనిమిది వేల ఆరు వందల లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో మళ్లీ భాగించాను. ఎనిమిది వేల ఆరు వందల్ని దానితోనే హెచ్చిస్తే ఈ సంఖ్య దాటిపోతుంది, అంతకు పై వాటితో చూడక్కర్లేదు. పంట కోతకి మాస్టారు వచ్చినప్పుడు పుస్తకాలు ఆయన ఒళ్లో పెట్టాను. ఆయన ఫోను పట్టుకుని అక్కడోటి ఇక్కడోటి సరిచూశారు.

"తొంభై ఏడుతో?"

"పది."

చాలాసేపు పేజీలు తిప్పారు. తర్వాత, "దీని పక్కన తొమ్మిదో అంకె ఏది చేర్చినా ప్రధానం కాదమ్మా. ఇక్కడితో ఆగిపోతుంది" అన్నారు.

"సరి అంకెలూ అయిదూ ఎలాగూ పనికిరావు. ఒకటీ ఏడూ చేర్చితే మూడుతో తెగిపోతాయి. మూడు, తొమ్మిది?"

"అవీ తెగుతాయి. దేనితోనో చెప్పనా?"

"చెప్పారంటే ఊరుకోను."

"మూడు వేల భాగహారాలైనా అవ్వచ్చు. ఎప్పటికి తేలుస్తావు?"

"తేల్చి మీకు చూపిస్తానండీ. ఫోను లోపల పెట్టండి."

73,93,91,333ని భాగించేది ఒకటి. 73,93,91,339ని భాగించేది ఒకటి. ఈ రోజుకీ మాస్టారికి నా బాకీ: రెండు.