గాజుపలక మీద కదలని బూట్లు

మా బావ మనిషి ముఖం చూడడు, ముందు కాళ్లు చూస్తాడు. ఇరవయ్యారేళ్లుగా చెప్పులూ బూట్లూ బాగుచేస్తున్నాడు. మడమ ఎటువైపు అరిగిందో చూసి, ఈయనది మెట్లెక్కే ఉద్యోగం, ఈవిడ రోజంతా నిలబడే ఉంటుంది అని చెప్పేస్తాడు. పదింట ఎనిమిది సరిపోతాయి. మిగతా ఇద్దరూ తప్పుగా నడుస్తున్నారంటాడు. మా ఇద్దరిదీ ఒకటే దుకాణం, వెడల్పు ఎనిమిది అడుగులు. కుడివైపు ఆయన కుట్టుమిషనూ జిగురు డబ్బాలూ, ఎడమవైపు నా తాళంచెవుల మిషను. ఆయన భార్య మా అక్క. అందుకని దుకాణంలో మొదలైన పోట్లాట ఏదైనా ఇంటిదాకా నడిచి వెళ్తుంది.

వీధిలో ఆయన్ని గాజుపలక అంటారు. బాగుచేసిన ప్రతి జోడునూ బల్ల మీదున్న గాజుపలక మీద పెట్టి వేలితో నొక్కుతాడు. రవ్వంత ఊగినా ఇవ్వడు. ఎక్కడ ఎత్తుగా ఉందో చూసి, సానచక్రానికి ఆనించి మళ్లీ అరగదీస్తాడు. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు గాని ఇంకో దుకాణానికి పోరు. నేనూ ఆ పద్ధతిని నలుగురికీ గొప్పగా చెప్పుకున్నవాణ్నే. అదే మా కొంప ముంచుతుందని ఎవడనుకున్నాడు?

బావకి ఒక్కతే కూతురు, కాలేజీలో రెండో సంవత్సరం. ఈ ఏడు దానికి హైకింగ్ పిచ్చి పట్టింది. ఆదివారం వస్తే చాలు, తోటిపిల్లలతో కలిసి పొద్దున్నే ఏదో ఒక కొండదారి పడుతుంది. బావకి ఇది బొత్తిగా మింగుడుపడలేదు.

"కొండెక్కి ఏం చేస్తారే?" అని అడిగాడొకసారి.

"దిగుతాం నాన్నా."

"ఆ మాత్రం దానికి ఎక్కడమెందుకు? కిందే ఉంటే పోలా?"

"ఒక్కసారి నాతో రా. నీకే తెలుస్తుంది."

"నాకు బస్‌స్టాపు దాకా నడవడమే ఎక్కువ."

మాటా మాటా పెరిగి, ఇంక వెళ్లడానికి వీల్లేదన్నాడు. అది వెళ్లింది. మూడు వారాలు తండ్రీకూతుళ్లకి మాటల్లేవు. మంచినీళ్ల సీసా అందుకోవాలన్నా మధ్యలో మా అక్క ఉండాల్సిందే. ఇద్దరిదీ ఒకటే మొండితనం, ఎవరిని తిట్టాలో తెలియక అక్క నన్ను తిట్టేది.

పోయిన శుక్రవారం బావ ఒక సంచీతో దుకాణానికొచ్చాడు. తీస్తే అందులో మా మేనకోడలి కొండబూట్లు. ఎవరో వాడి వదిలేసినవి తక్కువలో కొనుక్కుంది. మందపాటి తోలు, అడుగున వేలెడు లోతున రబ్బరు పళ్లు.

"మెత్తబడ్డావా బావా?" అన్నాను.

"నోర్మూసుకుని నీ తాళాలు చూసుకో."

ఆ రోజు ఇంకో బేరం ముట్టుకోలేదు. ఊడిన కుట్లు వేశాడు, కొత్త లేసులు ఎక్కించాడు, తోలుకి నూనె పట్టించాడు. చివర్లో గాజుపలక మీద పెట్టాడు. బూట్లు ఊగాయి. పళ్లు ఒకవైపు అరిగి, ఒకవైపు అలాగే ఉన్నాయి మరి. బావ మొహం చిట్లించి సానచక్రం తిప్పాడు. గంటసేపు అరగదీశాడు. నల్లటి రబ్బరు పొడి నా తాళాల మీదా, టీ గ్లాసు మీదా పడింది. మళ్లీ పెట్టి నొక్కితే బూట్లు కదల్లేదు. అడుగు అరచేయంత నున్నగా వచ్చింది.

"షోరూములో పెట్టొచ్చు బావా," అన్నాను. ఆ మాట అన్నది నేనే.

శనివారం సాయంత్రం వాటిని గుమ్మం పక్కన పెట్టి, తను పేపరు వెనకాల దాక్కున్నాడు. పిల్ల వచ్చి చూసింది. తళతళలాడుతున్న పైభాగమే చూసింది, తిరగేసి చూడలేదు. పేపరు కిందికి లాగి, "థాంక్స్ నాన్నా," అంది. బావ మొహం చూడాలి అప్పుడు. అక్క నా వైపు చూసి కళ్లు తుడుచుకుంది.

ఆ రాత్రి వాన పడింది. ఆదివారం పది గంటలకి, స్కూల్లో వ్యాయామం నేర్పే టీచరు దుకాణానికొచ్చింది. ఆవిడవీ కొండబూట్లే, ముందువైపు కుట్టు ఊడింది. కుట్టేసి, అలవాటుగా గాజుపలక మీద పెట్టాడు బావ. ఊగాయి. చక్రం దగ్గరికి తీసుకెళ్తుంటే ఆవిడ లేచి బూటు లాక్కున్నంత పని చేసింది.

"ఏం చేస్తున్నారండీ?"

"పళ్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయి మేడం. నున్నగా చేసిస్తాను. మొన్ననే మా అమ్మాయివి చేశా."

"పళ్లు తీసేశారా? మొత్తం?"

"మొత్తం," అన్నాడు బావ, ఇంకా నవ్వుతూనే.

"ఆ పళ్లే కదండీ రాతిని పట్టుకునేది. అవి లేకపోతే తడిరాతి మీద మనిషి నిలబడడు. మీ అమ్మాయి వాటితో కొండెక్కదు కదా?"

బావ బూటు ఆవిడ చేతిలో పెట్టేశాడు. ఇరవయ్యారేళ్లు కాళ్లు చూసి మనుషుల్ని చదివినవాడికి, ఆ పళ్లు ఎందుకున్నాయో ఒక్కసారైనా తట్టలేదు. పక్కన కూర్చుని మెచ్చుకున్న నాకు మాత్రం తట్టిందా? పిల్లకి ఫోను చేస్తే అందుబాటులో లేరని వచ్చింది. మళ్లీ చేస్తే మళ్లీ అదే. ఏ కొండకెళ్లిందో అక్కకి ఫోను చేసి కనుక్కుని, దుకాణం తలుపు వెయ్యకుండానే స్కూటరెక్కాం. వెనక టీచరు, తను చూసుకుంటానని అరిచి చెప్పింది. దారి పొడుగునా బావ నా భుజం ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, మర్నాటికి అక్కడ కమిలిపోయింది.

కొండ అడుగున స్కూటరు ఆపేసరికి కాలిబాట మీంచి ఒక పిల్ల పరుగెత్తుకొస్తోంది. మా పిల్లే. మోకాళ్ల దాకా బురద. బావ స్కూటరు మీంచి దూకి దాన్ని పట్టుకుని, చేతులు తడిమాడు, తల తడిమాడు.

"నాన్నా, నాకేం కాలేదు. నా ఫ్రెండు పడిపోయింది. పైన సిగ్నల్ లేదు, అంబులెన్సుకి చెయ్యడానికి నేను దిగొచ్చా."

"అమ్మయ్య," అన్నాడు బావ. "నువ్వు కాదు కదా."

పిల్ల ఆయన్ని వింతగా చూసింది. అప్పుడు బావ దాని కాళ్లు చూశాడు. కాన్వాసు బూట్లు.

"నీ బూట్లేవే?"

"దానికి ఇచ్చాను. పాపం ఇదే మొదటిసారి రావడం, పల్చటి బూట్లేసుకొచ్చింది. నువ్వు అంత బాగా చేశావుగా, అందుకని నావి తనకిచ్చి తనవి నేనేసుకున్నా."

బావ అక్కడే మట్టిలో కూలబడిపోయాడు. నేను చెప్పలేను ఆ ముఖం ఎలా ఉందో. ఇంతకుముందే 'అమ్మయ్య' అన్న నోరు తెరుచుకునే ఉంది. పిల్లకి జరిగింది నేనే చెప్పాల్సొచ్చింది. అది వింటున్నంతసేపూ తండ్రినే చూస్తూ ఉంది. అంబులెన్సుకి ఫోను చేసి వెనక్కి తిరిగి కొండెక్కడం మొదలుపెట్టింది. బావ లేచి దాని వెనకాల నడిచాడు. బస్‌స్టాపు దాకా నడవలేని మనిషి ఎక్కడా ఆగలేదు. నేను మూడు చోట్ల ఆగాను.

ఆ అమ్మాయి ఏటవాలు బండ మీంచి జారి, రెండు నిలువుల కింద రాతిగట్టు మీద పడి ఉంది. ఆ గట్టు లేకపోతే కింద లోయే. మోకాలి కింద కాలు వంకర తిరిగింది. మనిషి స్పృహలోనే ఉంది. మమ్మల్ని చూసి, "సారీ అంకుల్, నాకు నడవడం చేతకాలేదు. అందరి సరదా పాడుచేశాను," అంది.

మా ముగ్గురికి తప్ప ఎవరికీ ఏమీ తెలియదు. మనం నోరు మూసుకుంటే సరిపోతుందని బావ చెయ్యి గిల్లాను. సిగ్గులేదు నాకు, నిజమే చెబుతున్నాను. బావ నా చెయ్యి విదిలించుకున్నాడు.

"నువ్వు బాగానే నడిచావమ్మా. బూట్లు పాడుచేసింది నేను."

అంబులెన్సు మనుషులు స్ట్రెచరు తెచ్చారు. కిందికి దింపేదాకా ఒక కొస బావే మోశాడు, మార్చుకుందామంటే ఇవ్వలేదు. కింద సిగ్నల్ వచ్చాక ఆ అమ్మాయి తండ్రి నెంబరు అడిగాడు. నేను చేస్తానంది కూతురు. వద్దన్నాడు. నెంబరు నేను నొక్కి, స్పీకరు పెట్టి ఇచ్చాను.

"మీ అమ్మాయి ఫ్రెండు తండ్రినండి. పిల్లలు కొండెక్కారు కదా, అందులో ఒకమ్మాయి జారిపడింది."



"మా అమ్మాయి కాదు కదండీ?" అన్నాడాయన.

బావ కూతురి వైపు చూశాడు. అది తల దించుకుంది.

"మీ అమ్మాయేనండి," అన్నాడు బావ.