సైకిల్ క్యారియర్ మీద పెద్దామె

ఇందులో ప్రతి మాటా నిజం. ముప్పై ఏళ్లుగా నాకు అన్నం పెడుతున్న దూది మీద చెయ్యి వేసి చెబుతున్నాను. కావలిలో పరుపులు కుట్టే దుకాణం నాది. నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినడం మా వీధిలో అందరికీ అలవాటు. ఈ ఒక్కసారికి ఆ అలవాటు పక్కన పెట్టమని మనవి.

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. మా దుకాణం వెనక గోడకు అవతల ఖబరస్తాన్. మధ్యాహ్నం ఆ గోడకు ఆనుకునే కునుకు తీస్తాను. ఇప్పటిదాకా అటువైపు నుంచి నన్నెవరూ లేపలేదు.

నిరుడు వానలు మొదలైన కొత్తల్లో మా హుసేనమ్మ అక్కకు జ్వరం తగిలింది. అక్కది కావలికి పడమర, కొండల నడుమ చిన్న ఊరు. జ్వరమైతే పోయింది గానీ నోరు చచ్చిపోయింది. పది రోజులు గంజినీళ్లు తప్ప ఏదీ గొంతు దిగలేదు. ఆదివారం సాయంత్రంలోగా అన్నం తినకపోతే ఆసుపత్రిలో చేర్చాల్సిందేనని డాక్టరు చెప్పాడు. బావ నాలుగు గంటలకు ఆటో మాట్లాడి పెట్టాడు. అక్కకు ఆసుపత్రి అంటే వణుకు. మా అమ్మ అక్కడికి నడుచుకుంటూ వెళ్లి తిరిగి రాలేదు.

శనివారం పొద్దున అక్క ఫోన్ చేసి ఒకే మాట అంది. "తింటే మస్తాన్‌బీ చేసిన చేపల పులుసే తింటానురా. అది గూడా నిన్నటిదైతేనే."

మస్తాన్‌బీ నా భార్య. పులుసు ఒక రాత్రి చట్టిలో ఊరితే తప్ప మా వైపు దాన్ని పులుసుగా ఒప్పుకోరు. కాబట్టి ఆ సాయంత్రమే వంజరం తెచ్చాను, ఆమె మట్టిచట్టిలో వండింది. ఆదివారం పొద్దున చట్టికి మూత పెట్టి, తెల్లగుడ్డతో మూటగట్టి, ముడిలో ఒక బొగ్గుముక్క, వేపరెమ్మ, ఎండుమిరపకాయ దోపింది. చేపో మాంసమో వండినది దారిన తీసుకుపోతే ఆ వాసనకు దయ్యాలు వెంటపడతాయట. ఇవి ఉంటే దగ్గరికి రావట.

అంతకు ముందు నెలే నేను బ్యాటరీ సైకిల్ కొన్నాను. తొక్కుతుంటే మోటారు సాయం పడుతుంది. ఛార్జి ఎంత ఉందో చూపించడానికి హ్యాండిల్ మీద ఐదు గీతలు. దాని మీదే వెళతానంటే మస్తాన్‌బీ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అక్క కోసం పోతుండారా, సైకిల్ తొక్కేదానికి పోతుండారా?"

"రెండిటికీ," అన్నాను. దాచడం నాకు చేతకాదు.

చట్టి కదలకుండా క్యారియర్ మీద దూది కుదురు కుట్టి పెట్టి, పాత ట్యూబుతో బిగించాను. ఎనిమిదికల్లా బయలుదేరాను. రాత్రి వాన పడి వెలిసింది. కాలవల పక్కన తంగేడు పూసి ఉంది. పెద్దరోడ్డు దిగి కొండల వైపు దారి పట్టాక ఎదురు వచ్చినవి గొర్రెలూ సీతాకోకచిలుకలే. తొక్కీ తొక్కకుండా, పాడుకుంటూ వెళ్లాను. నా పాటకు గొర్రెలు తప్పుకుని దారి ఇచ్చాయి.

దారిలో ఒక టీ బంకు దగ్గర ఆగాను. పొయ్యి సరిగా రాజుకోక బంకు నడిపే ఆమె పొగలో దగ్గుతోంది. ముడిలోని బొగ్గు తీసి ఆమె పొయ్యిలో వేశాను. వేపరెమ్మను అక్కడున్న మేక అందుకుంది. మిగిలిన ఎండుమిరపకాయ ఒక్కటీ ఉండి ఏం చేస్తుందని దాన్నీ పారేశాను. నమ్మకం లేనివాడు చేసే పని అదే కదా.

అక్కడికి రెండు కిలోమీటర్లలో మొదటి ఎత్తు వచ్చింది. సగం ఎక్కాక క్యారియర్ కిర్రుమంది. సైకిల్ బరువెక్కింది. పంక్చరేమోనని చూస్తే గాలి ఉంది, టైరు మాత్రం కొంచెం అణిగి ఉంది. రోజూ దూది తూచే మనిషిని, బరువు విషయంలో నా ఒళ్లు పొరబడదు. నలభై కిలోలకు తక్కువ లేదు. నాలుగున్న గీతలు నా కళ్లముందే రెండయ్యాయి.

మలుపులో ఒక ముసలాయన గంపలో సీతాఫలాలు పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఏమప్పా, ఆ పెద్దామెని ఎనక కూర్చోబెట్టుకోని ఎత్తులో తొక్కేదేంది? దించి నడిపించరాదా?"

"ఏ పెద్దామె?" అన్నాను.

ఆయన క్యారియర్ వంక చూశాడు, నా మొహం వంక చూశాడు. "సరేలే, నీ ఇష్టం. కాళ్లు చక్రంలో పడకుండా చూసుకోమను."

నేను వెనక్కి తిరిగి చూడలేదు. దిగకుండా ఎత్తు పైదాకా తొక్కాను. పైన బరువు పోయింది, మనిషి దిగినట్టే ఒక్కసారిగా. గుండె దడ తగ్గేదాకా కల్వర్టు గోడ మీద కూర్చుని, తెచ్చుకున్న ఇడ్లీలు తిన్నాను. గాలి చల్లగా ఉంది. కొండంతా పచ్చగా ఉంది. నిజం చెప్పాలంటే భయం ఎక్కువసేపు నిలవలేదు. దిగుడంతా కాళ్లు చాపుకుని, కేకలు వేసుకుంటూ దిగాను.

అక్క ఊరి ముందు ఇంకో ఎత్తు ఉంది. దాని మొదట్లో చివరి గీత కూడా ఆరిపోయింది. ఆ సైకిల్ బరువుకు, నా బరువుకు, నా వయసుకు ఆ ఎత్తు తొక్కడం కాని పని. నెట్టుకుంటూ పోతే చట్టి ఒరుగుతుంది. గంట మూడు కావస్తోంది. నాలుగైతే అక్కను ఆటో ఎక్కించేస్తారు. అయినా ఎక్కి రెండుసార్లు తొక్కాను.

సైకిల్ కదిలింది. కదిలి, ఆగలేదు. పెడళ్ల మీంచి కాళ్లు తీసి చూశాను. అయినా ఎక్కుతూనే ఉంది. మోటారు చప్పుడు లేదు. వెనక ఎవరో క్యారియర్ పట్టుకుని నెడుతున్నట్టు, తొందర లేకుండా, ఒకే తీరుగా సాగింది. అక్క ఇంటి వాకిట్లో దానంతట అదే ఆగింది.

ఆటో అప్పటికే వచ్చి ఉంది. అక్క మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. బావ మూట విప్పి మూత తీసి, గరిటెతో ముక్కలు లెక్కపెట్టాడు.

"ఏడేనా? ఏంది బామ్మర్దీ, నీ పెండ్లాం పిసినారి అయిపోయింది."

మస్తాన్‌బీకి ఫోన్ చేశాడు. తొమ్మిది వేశానని ఆమె ఒట్టు పెట్టుకుంది. ఇద్దరూ నన్ను అడిగారు. బరువు సంగతి, ముసలాయన మాట, ఎత్తు ఎక్కడం, అన్నీ చెప్పాను. ఆ రెండు ముక్కలూ వెనక కూర్చున్న పెద్దామే తినిందన్నాను. ఆటో అతను నోరు తెరుచుకుని విన్నాడు.

అక్క ఇటు తిరిగింది.

"తిని, ఊరికే పోలేదంటావు?"

"లేదక్కా. నెట్టింది."

"అంటే పులుసు బాగుండాదన్నమాట." పది రోజుల తర్వాత అక్క నవ్వడం అప్పుడే. "ముక్కూ మొహం తెలీని ముండ రెండు ముక్కలు తినిపోతే, నా మరదలు చేసింది నేను తినకుండా ఉండేదా? పెట్టండి."

మొదటి ముద్ద నమిలి కళ్లు మూసుకుంది. రెండో ముద్దకు, ఉప్పు ఒక్క రవ్వ తక్కువైందని మస్తాన్‌బీకి చెప్పమంది. మూడు ముక్కలు తిన్నది. బావ ఆటో అతనికి కూడా అన్నం పెట్టి, ఖాళీగా పంపించాడు.

ఇప్పుడు ఒప్పుకోవాల్సింది ఒకటి ఉంది. పెద్దామె రెండు ముక్కలు తినిందన్నది నా కల్పన. కల్వర్టు మీద ఒట్టి ఇడ్లీలు దిగక, మూట విప్పి ఒక వంజరం ముక్క నేనే తిన్నాను. ముడి మళ్లీ ఉన్నట్టే బిగించాను. అక్కకు ఈ మాట ఇప్పటికీ చెప్పలేదు.

కానీ నేను తిన్నది ఒకటే. మూత పెట్టేటప్పుడు కళ్లారా చూశాను, ఎనిమిది ఉన్నాయి. ఆ తర్వాత రెండో ఎత్తు మొదట్లో తప్ప సైకిల్ ఎక్కడా ఆపలేదు, అక్కడా మూట ముట్టలేదు.

బావ లెక్కపెడితే ఏడు.