బిడ్డ కాదు, గడ్డ

ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసే చీరల దుకాణంలో, పరిచిన చీరను తిరిగి మడత పెట్టడం నాకు చేతకాలేదు. ఏళ్ళ తరబడి చేసిన పని. కొంగు ఎటుందో తెలియక పట్టుకొని నిలబడ్డాను. ఎదురుగా కూర్చున్నావిడ "ఏందమ్మా, నిలబడి నిద్రపోతున్నవా?" అంటే పకపకా నవ్వానట. "నవ్వానట" అనే రాయాలి. అక్కడి నుంచి చాలా రోజులు నాకు గుర్తులేవు. మాతోనే ఉండే మా అమ్మ, మా ఆయన ప్రసాద్ చెప్పిందే నా కథ. నా బతుకు సంగతి ఇంకొకరి నోట వినాల్సి రావడం నాకు ఇప్పటికీ ఒళ్ళుమంట.

అప్పటికే నాకు నెల తప్పింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు అని అమ్మ పొంగిపోయింది. ఇంట్లో చేసుకున్న టెస్టులో ఒక్క గీతే వచ్చి కడుపు లేదని చూపినా వినలేదు. "గా పుల్లకేం తెలుస్తది? మూడో నెల పడేదాక ఎవ్వరికీ చెప్పకు, దిష్టి తాకుతది" అంది. మేం చర్చికి పోయేవాళ్ళమే. అయినా దిష్టి భయం మాత్రం మా ఊరి నుంచి ఎల్బీ నగర్ కిరాయి ఇంటిదాకా మాతోనే వచ్చింది.

తర్వాత నాకు నిద్ర పట్టడం మానేసింది. దుకాణంలో చీరలు కట్టిన బొమ్మలు నన్ను తిడుతున్నాయని ఏడ్చేదాన్నట. ప్రసాద్ సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన ఓపిగ్గానే "ఇంకేమైనా ఇబ్బంది ఉందా?" అని అడిగాడు. ప్రసాద్ నోరు తెరిచేలోపే అమ్మ "ఏం లేదు సార్" అనేసింది. మగ డాక్టరుకు నెల సంగతి చెప్పడం సిగ్గు, పైగా దిష్టి. మాత్రలు తెచ్చుకున్న కొన్నాళ్ళకే ఫిట్స్ వచ్చాయి.

పెద్ద దవాఖానలో ఐసీయూలో వేశారు. తలకు తీసిన ఎంఆర్ఐ నార్మల్. నా నోరు ఊరికే నములుతూ, చేతులు గాల్లో ఆడుతూ ఉండేవట. చీరలు మడత పెడుతున్నానని అమ్మ అనుకుందట. న్యూరో డాక్టరమ్మ వచ్చీరాగానే "పీరియడ్స్ ఎలా వస్తున్నాయి?" అని అడిగింది. అప్పుడు చెప్పింది అమ్మ. వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపారు, కడుపుకు స్కాన్ చేశారు.

రిపోర్టు చూసి డాక్టరమ్మ మాస్కులోంచి "కుడి ఓవరీలో గడ్డ ఉందమ్మా" అంది. అమ్మకు "బిడ్డ" అని వినపడింది. "స్తోత్రం ప్రభువా" అని చేతులు జోడించి ఏడ్చేసింది. "బిడ్డ కాదత్తమ్మా, గడ్డ" అని ప్రసాదే చెప్పాల్సి వచ్చింది. అప్పుడు అమ్మ మొహం ఎట్లుందని అడిగితే ఈ రోజుకీ మాట మారుస్తాడు.

ఆ గడ్డ పేరు టెరటోమా. అందులో మెదడు కణాల్లాంటివి కూడా పెరుగుతాయట. దాని మీద పోరాడటానికి ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు, పొరబడి నా మెదడులోని ఎన్ఎండీఏ రిసెప్టర్ల మీద పడ్డాయట. ఆపరేషన్ చేసి గడ్డతో పాటు ఆ ఓవరీని తీసేశారు, స్టెరాయిడ్లు, ఆ దాడిని తగ్గించే ఐవీఐజీ ఎక్కించారు. లేచి కూర్చున్నానని అందరూ సంబరపడేలోపే న్యుమోనియా వచ్చి వెంటిలేటర్ మీదికి పోయాను.

ఇంటికొచ్చాక మెల్లగా మాట వచ్చింది. నెల మాత్రం రాలేదు. ఎందుకని డాక్టరమ్మను అడిగాను.

"మెదడు కణాలు ఒకదాన్నొకటి గ్లుటమేట్ అనే రసాయనంతో లేపుకుంటాయి. అది వచ్చి తట్టే తలుపులే ఆ రిసెప్టర్లు. నెలసరి హార్మోన్లు వదలమని పిట్యూటరీ గ్రంథికి కబురు పంపేది కూడా మెదడే. ఆ కబురు కదలడంలో ఈ తలుపులకూ పనుంది. కానీ నువ్వు వాడిన మందులు, పడ్డ నీరసం కూడా నెలను ఆపగలవు. ఇదొక్కటే కారణమని ఒట్టేసి చెప్పలేను."

"నాకు పిల్లలు పుడతారా మేడమ్?"

"రెండో ఓవరీ ఉంది కదా. చూద్దాం."

ఆ "చూద్దాం" అనే మాట మీద నాకు అసహ్యం పుట్టింది. చాలా కాలానికి నెల వచ్చింది. ఒకప్పుడు అది వస్తే మొహం ముడుచుకునే అమ్మ, ఆ రోజు నన్ను పట్టుకొని దేవునికి దండం పెట్టింది. నాకు మాత్రం ఏడుపే వచ్చింది.

ఇప్పుడు మళ్ళీ దుకాణానికి పోతున్నాను. మడత నిదానం. ఫిట్స్ మాత్రలు నడుస్తున్నాయి, కడుపు ఇంకా పండలేదు. నాకు తెలిసింది ఒక్కటే చెప్తాను. ఇంట్లో ఆడపిల్ల మనసు ఉన్నట్టుండి మారితే, మనసు సంగతీ నెల సంగతీ ఒకే డాక్టరుకు, ఒకేసారి చెప్పండి. మగ డాక్టరైనా సరే.

అమ్మ ఇప్పుడు కళ్ళ డాక్టరు దగ్గరికి పోయినా ముందు నా నెల గురించే మొదలుపెడుతుంది. బయట కూర్చున్నవాళ్ళంతా ఇటే చూస్తారు. "సార్, మా బిడ్డకు..." అంటుంది. నేను ఆపను. మా ఇంట్లో ఉన్న బిడ్డను నేనొక్కదాన్నే.