ఆయన కోసం తీయించుకున్న గుండ్లు

పాసయ్యాను. బి.ఏ. పాసయ్యాను, అదీ సెకండ్ క్లాసులో, నలభైకి దగ్గరపడ్డ వయసులో, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక. మా నాన్న వైపు చూసినా అమ్మ వైపు చూసినా డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో మేము పనిచేసే హాల్లో టీ వేళ సూపర్‌వైజర్ తన కంప్యూటర్‌లో ఫలితాలు తెరిచి చూపిస్తే, నా కళ్ళను నేనే నమ్మలేక పక్క సీటు అమ్మాయితో మళ్ళీ చదివించుకుని విన్నాను.

ఇంటికొచ్చి చెప్పగానే అమ్మ ఏడ్చింది, పిల్లలు గంతులేశారు. నాన్న మాత్రం చాలాసేపు తల నిమురుకుంటూ కూర్చుని, కొండకు పోయి గుండు చేయించుకుంటానన్నాడు. ఆ మాటకు అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ఇంట్లో నాన్న ముందు ఆ మాట ఎత్తి ఎన్నేళ్ళయిందో. ఎందుకో చెప్పాలంటే ఒక ఆటగాడి సంగతి చెప్పాలి. ఆయన పేరు రాయను. మావాళ్ళెవరూ ఆయన్ని పేరుతో పిలవలేదు, అన్న అనే అనేవాళ్ళు.

మదనపల్లె వైపు నుంచి బెంగళూరుకు మేస్త్రీ పనికి వచ్చిన ముఠా మాది. నాన్న, బాబాయి, మేనమామ, ఇంకా మా ఊరివాళ్ళు కొందరు. ఏ కట్టడం దగ్గరైనా పరంజా కట్టగానే ముందు దానికి రేడియో వేలాడేది. అందులో కన్నడ కామెంటరీ వస్తుంటే, అన్న బ్యాటింగుకు దిగాడంటే, మావాళ్ళకు ఒక పిచ్చి ఉండేది. ఆయన ఫోరు కొట్టిన క్షణంలో ఎవరు ఎలా ఉన్నారో, ఆయన ఆడినంతసేపూ అలాగే ఉండాలి. కదిలితే వికెట్ పోతుందని వాళ్ళ నమ్మకం. ఒకసారి మామ నిచ్చెన మధ్యలో సిమెంటు తట్ట నెత్తిన పెట్టుకుని ఆగిపోయాడు. తట్టలో మాలు గట్టిపడిపోయింది గాని ఆయన దిగలేదు. ఇంటి యజమాని వచ్చి కేకలేస్తే, ఇంకో ఓవరు ఓపిక పట్టు స్వామీ అని నాన్న ఆయన్నే బతిమాలాడట. ఇప్పుడు నవ్వొస్తుంది గాని, ఎక్కడో దూరదేశంలో ఆయన కొట్టే సెంచరీలో తమ కాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయని వాళ్ళు నిజంగా నమ్మేవాళ్ళు.

అదృష్టమో ఏమో, ఆయన ఆట మానుకున్నాక వాళ్ళ ఇంటి మీద మేడ కట్టే పని మావాళ్ళకే దొరికింది. అదీ ఎన్నో తరాల కిందట బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబమే. ఆయన తల్లి మధ్యాహ్నం పూట స్వయంగా మజ్జిగ తెచ్చిచ్చి, మావాళ్ళ ఊళ్ళ పేర్లడిగి, మన మాట విని ఎంత కాలమైందప్పా అనేదట. ఆ పని మావాళ్ళు ఎంత నెమ్మదిగా చేశారంటే, మేడ పూర్తయిపోతుందేమోనని భయపడుతూ చేశారని అమ్మ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

తొంభైల మధ్యలో ఆయనకు జబ్బు చేసిందని పేపర్లో వచ్చింది. మా పక్కింట్లో ఉండే నర్సు ఆంటీ, గుంటూరు వైపు క్రైస్తవులు, ఆ వార్త చదివి, ఇంక ప్రార్థనే గాని మందుల చేతిలో ఏమీ లేదని అమ్మతో మెల్లిగా చెప్పింది. అన్న ఇంటి గేటు ముందు ఎంతమంది జనమో. ఎవరో తాయెత్తు తెచ్చారు, ఎవరో కొబ్బరికాయలు కొట్టారు, తమిళనాడు నుంచి ఒకాయన పచ్చని పసరు సీసాలో పోసుకుని బస్సెక్కి వచ్చాడు. బడిపిల్లలు వరసగా నిలబడి పాట పాడి వెళ్ళారు. మావాళ్ళకు మాత్రం ఏం చేయాలో తోచలేదు. ఇన్నేళ్ళూ కదలకుండా నిలబడి ఆయన్ని కాపాడుకున్నవాళ్ళు, ఇప్పుడు ఎలా నిలబడాలో తెలియక తల్లడిల్లారు. చివరికి నాన్నే అన్నాడు, ముఠా అంతా కొండకు పోయి తలనీలాలిద్దామని.

అందరూ ఇచ్చారు. పెళ్ళినాడు కూడా మీసం తీయనన్న మా బాబాయి ఆ మీసం కూడా ఇచ్చేశాడు. అమ్మా నేనూ వెంట ఉన్నాం. తిరుగు బస్సు తెల్లవారి బెంగళూరు చేరగానే, లడ్డూ ప్రసాదం ఆలస్యం కాకుండా ఇవ్వాలని నాన్న ఇంటికి కూడా పోనివ్వకుండా మమ్మల్నందరినీ ఆ గేటు దగ్గరికే నడిపించాడు. తలలకు పూసిన గంధం దారిలో వానకు కారిపోయింది. ఒంటి మీద తెల్లపంచెలు. పెద్దవాళ్ళ ఇంటి ముందు అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు. చూసేవాళ్ళకు ఎలా ఉంటుందో మాలో ఒక్కరికీ తట్టలేదు.

తలుపు తీసింది ఆ తల్లి. మమ్మల్ని చూసి, ఒక్కొక్క తలనూ చూసి, గుమ్మం పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది.

“ఇంకా ఊపిరుండాది కదప్పా నా కొడుక్కి. అప్పుడే గుండ్లు కొట్టించుకొని వచ్చినారా?”

మొక్కమ్మా, మొక్కు గుండ్లు అని మామ ఏదో చెప్పబోయాడు. ఆమె చెవులు మూసుకుంది. నాన్న ముఖంలో అంతవరకూ ఉన్న వెలుగంతా పోవడం నేను చూశాను. మనిషి ఒక్క నిమిషంలో ముసలివాడవడం చూడడం నాకదే మొదటిసారి.

అప్పుడు లోపలి నుంచి ఆయన వచ్చాడు, భార్య భుజం ఆసరాగా. అంత పొడుగు మనిషి పసిపిల్లాడిలా తేలికైపోయి ఉన్నాడు. ఉన్ని టోపీ తీసేస్తే ఆయన తల మీదా వెంట్రుక లేదు. మావాళ్ళ తలల వరసను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసి నవ్వాడు.

“ఏమప్పా, పిచ్ మీద గడ్డంతా గీకేసినారే. ఇంక బౌలర్ల గతి ఏంగావాల?”

నవ్వి, నాన్న తల మీద చెయ్యి పెట్టాడు. లడ్డూలో చిటికెడు తుంచి నోట్లో వేసుకున్నాడు. తల్లి చేతిలోనూ పెట్టి తినమన్నాడు. ఆమె తినకుండా పిడికిట్లోనే ఉంచుకుంది.

మావాళ్ళ తలల మీద వెంట్రుకలు సరిగా మొలవకముందే ఆయన పోయారు.

అంతిమయాత్ర రోజు రోడ్లన్నీ మనుషులే. మావాళ్ళు వెనకెక్కడో ఉంటే, ఆ తలలు చూసి జనం వీళ్ళు అయినవాళ్ళనుకుని తప్పుకుని దారిచ్చారు. దారి ఇవ్వండి, తమ్ముళ్ళు వస్తున్నారని ఎవరో కన్నడంలో అరిచారు. ఆయన్ని ఉంచిన బండి దాకా ఖాళీ అయిన ఆ దారిలో నాన్న కొంచెం దూరం నడిచి ఆగిపోయాడు. తర్వాత తలకు తువ్వాలు చుట్టుకుని, అందరికీ ఎదురు నడిచి ఇంటికొచ్చేశాడు.

ఆ తర్వాత మా ఇంట్లో రేడియోలో క్రికెట్ వినబడలేదు. అపశకునం నేనే మోసుకుపోయినాను, బతికుండంగానే చూపించినాను అని నాన్న అమ్మతో ఒకే ఒకసారి అన్నాడు. కదిలితే వికెట్ పోతుందని నమ్మిన మనిషికి ఇది అపశకునం కాదని ఎవరు చెప్పగలరు? నర్సు ఆంటీ చెప్పి చూసింది. ఆ తల్లి కూడా వరండా బాగుచేయాలని నాన్నకే కబురు పెట్టేది, ఏటేటా. నాన్న బాబాయిని పంపేవాడు. నా పిల్లల పుట్టువెంట్రుకలకు కొండకు రమ్మంటే, నా తల మంచిది కాదు, మీరు పోయి రాండి అన్నాడు.

అందుకే ఈ సాయంత్రం నాన్న గుండు అనేసరికి, ఇన్నేళ్ళకు ఇదేమిటని అడిగాం. నేను దూరవిద్యలో చేరిన రోజే మొక్కుకున్నాడట. ఎవరికైనా చెబితే చెడుతుందేమోనని ఇన్నేళ్ళూ గుండెలోనే దాచుకున్నాడట. నేను ఒక పేపరు తప్పిన ఏడు ఆయన ఎందుకు అన్నం సరిగా తినలేదో నాకిప్పుడు అర్థమైంది.

“నా తల ఈతూరి మంచే చేసింది, చూడు” అన్నాడు, కళ్ళు తుడుచుకోకుండానే.

ఇప్పుడు అన్న వాళ్ళ బంగళా లేదు. మావాళ్ళు కట్టిన మేడతో సహా కూలగొట్టి ఫ్లాట్లు లేపారు, ఆ తల్లికి అందులో కింద ఇల్లు ఇచ్చారు. ఇప్పుడు పెద్ద ఆటగాళ్ళకు జబ్బు చేస్తే టీవీలో కింద అక్షరాలు పరుగెడతాయి, మనం అన్నం తింటూ అయ్యో అనుకుంటాం, ఛానల్ మారుస్తాం. ప్రేమ తగ్గిందనను. కానీ ఒక మనిషి బాగుండాలని నిచ్చెన మీద కాళ్ళు తిమ్మిరెక్కేదాకా నిలబడేవాళ్ళు ఇప్పుడెక్కడున్నారో నాకు తెలియదు.

ఇంకా ఫోన్లు చేయాలి. హొసకోటెలో మేనత్తకు, ఆమెకు చెవులు వినబడవు గనుక ఆమె కోడలికి. నగర్తపేటలో పనిచేసే తమ్ముడికి. ఉద్యోగం మారి హైదరాబాదు వెళ్ళిపోయిన నర్సు ఆంటీకి. కొండకు తోడు వస్తాడేమో అడగడానికి బాబాయికి, మీసం గురించి మాత్రం అడగకూడదు. మామ కాలం చేశాడు, అత్తమ్మకు చెప్పాలి. చివరగా ఆ తల్లికి. ఆమె నంబరు బాబాయి దగ్గరుంది. తానే మాట్లాడతానని నాన్న ఇప్పటికే చొక్కా మార్చుకుని ఫోన్ పక్కన కూర్చున్నాడు, కానీ ముందు నన్నే మాట్లాడమంటున్నాడు. ముందు పాసైన సంగతి చెప్పమ్మా, ఆమె సంతోషపడినాక గుండు సంగతి నేను చెప్తా అంటున్నాడు.