నడవని గడియారానికి సంతకం పెట్టని మేడం

మా మైక్రోకంట్రోలర్ ల్యాబ్ మేడం చనిపోయారని పోయిన వారం నా క్లాస్‌మేట్ ఫోన్ చేసి చెప్పింది. కామెర్లు ముదిరిపోయాయట. వేలూరు ఆస్పత్రికి తీసుకుపోయినా లాభం లేకపోయిందట. యాభై ఏళ్లు కూడా నిండని మనిషి. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. మూడోరోజు మా పాత కాలేజీ గేటుకు కట్టిన ఫ్లెక్సీ చూశాక ఆ ఏడుపు కూడా ఆగిపోయింది.

ఫ్లెక్సీలో మేడం ఫోటో అరచేయంత ఉంది. పక్కన కరస్పాండెంటు గారి నిలువెత్తు ఫోటో, చేతులు జోడించుకుని. కింద ‘మా కుటుంబ సభ్యురాలికి కన్నీటి వీడ్కోలు’ అని రాశారు. లోపల సంతాప సభ. ఆమెను ఆ గేటు దాటించి పంపిన ఆ కరస్పాండెంటే మైకు ముందు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటున్నాడు. పూర్వ విద్యార్థిని కదా, రెండు మాటలు చెప్పమని నన్నూ పిలిచారు. ఆయన పట్టుకున్న మైకు ముట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. లేచి వచ్చేశాను. చెప్పాల్సినవి ఇక్కడ చెబుతున్నాను.

మేము చేరినప్పుడు ఆ కాలేజీ కొత్తది. తిరుపతి నుంచి చంద్రగిరి పోయే దారిలో, రంగు ఆరని గోడలతో ఉండేది. ల్యాబులో మైక్రోకంట్రోలర్ బోర్డులన్నీ అద్దాల బీరువాలో తాళం వేసి పెట్టేవాళ్లు. తనిఖీకి ఎవరైనా వస్తే ఆ రోజు బల్లల మీద పరిచి, వాళ్లు పోగానే మళ్లీ లోపల పెట్టేసేవాళ్లు. మేడం కొత్తగా వచ్చి బీరువా తెరిపించినప్పుడు బోర్డుల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా అట్లాగే ఉన్నాయి.

“ఛీ! పిల్లోళ్లు ముట్టుకోని బోర్డులు ఎవురికి? పూజకా?” అంటూ ఆమే కవర్లు చింపింది.

ఆమెకు అసహ్యం తొందరగా కలిగేది, దాన్ని దాచుకోవడం అసలు చేతకాదు. మేము సోల్డరింగ్ సరిగా చేయకపోతే ఆ బోర్డును చచ్చిన బల్లిని తోక పట్టి ఎత్తినట్టు రెండు వేళ్లతో ఎత్తేది. “ఇది అతుకా, చీమిడా?” అని అడిగేది. మేము సిగ్గుపడి ఊడదీసి మళ్లీ అతికేవాళ్లం. అతుకు కుదిరిందాకా పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేది. ఒక్కరోజు కూడా విసుక్కుని వెళ్లిపోలేదు.

మూడో సంవత్సరంలో ఒకరోజు బోర్డు మీద ఆర్టీసీ అని రాసింది. క్లాసంతా నవ్వింది. “అలిపిరికి పోయే బస్సు గాదప్పా. రియల్ టైమ్ క్లాక్. టైము గుర్తు పెట్టుకునే చిప్పు,” అంది. మైక్రోకంట్రోలర్ ఎంత తెలివైనదైనా కరెంటు పోతే టైమెంతైందో మరిచిపోతుందనీ, ఈ చిన్న మాడ్యూల్‌కు తన సొంత బిళ్ల బ్యాటరీ ఉంటుంది కాబట్టి కరెంటు లేకపోయినా లోపల టైము నడుస్తూనే ఉంటుందనీ చెప్పింది. కరెంటు తీగ, గ్రౌండు తీగ పోను, రెండింటి మధ్య మాటలు నడవడానికి ఇంకో రెండు తీగలు చాలు. 

నేనూ నా స్నేహితురాలూ ఆ మాడ్యూల్‌నే ప్రాజెక్టుగా తీసుకున్నాం. తీగలు కలిపి ఆన్ చేస్తే డిస్‌ప్లే మీద గంటల చోట పిచ్చి అంకెలు వచ్చాయి. మాటలు నడిచే ఆ రెండు తీగలకూ రెసిస్టర్లు కట్టి ఐదు వోల్టులకు ఆనించాలని మాకు తెలియలేదు. అది సరిచేశాక టైము వచ్చింది గానీ సెకన్లు కదల్లేదు. చిప్పు చెడిపోయిందనుకుని వేరేది ఇమ్మని అడిగాం.

“చిప్పును తిట్టబాకండి. అది నిద్రపోతా ఉండాది. లేపినారా మీరు? డేటాషీటు సదివినారా?”

చిప్పు వివరాలన్నీ ఉండే ఆ కాగితాలు చదివాం. చిప్పు కొత్తగా ఉన్నప్పుడు లోపల గడియారం ఆగి ఉంటుందట. సెకన్లు దాచుకునే చోట ఒక బిట్‌ను సున్నా చేస్తే తప్ప కదలదు. అది చేయగానే సెకన్లు పరిగెత్తాయి. నా స్నేహితురాలు అరిచేసింది. మేడం వంగి, కళ్లజోడు పైకి తోసుకుని, చాలాసేపు ఆ అంకెలు చూసింది. ఎప్పుడూ చిట్లించి ఉండే ముక్కు సర్దుకుంది. “బాగుండాదమ్మా,” అంది. ఆ ఒక్క మాట కోసం మేం ఎన్నాళ్లైనా కష్టపడేవాళ్లం.

ఆఖరి సంవత్సరం వైవా రోజు మా క్లాసులోనే చదివే కరస్పాండెంటు గారి అక్క కొడుకు కూడా అదే ప్రాజెక్టు తెచ్చాడు. ఊర్లో ప్రాజెక్టులు చేసి అమ్మే సెంటర్లు ఉండేవి. అక్కడ కొన్నదని చూడగానే తెలిసిపోతుంది. నల్లటి అద్దం పెట్టె, లోపల ఎర్రటి అంకెలు. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు మెచ్చుకున్నాడు. మేడం ప్లగ్గు పీకి మళ్లీ పెట్టింది. గడియారం పన్నెండు గంటలు చూపించింది. అప్పుడు ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు.

“ఏమప్పా, బ్యాటరీ పెట్టినావే. టైము యాడికి పోయింది?”

మేడం పెట్టె మూత తీసింది. ఆర్టీసీ చిప్పును బంకతో అతికించారు. దాని కాళ్లకు ఒక్క తీగ కూడా లేదు. ప్రోగ్రాము తనంతట తాను ఒకటి, రెండు అని లెక్కపెట్టి చూపిస్తోంది, అంతే. మేడం పెట్టెను పక్కకు తోసి, మూలనున్న వాష్‌బేసిన్ దగ్గరికి పోయి సబ్బుతో చేతులు కడుక్కుంది.

మా వంతు వచ్చింది. మా బోర్డుకు పెట్టె కూడా లేదు, తీగలన్నీ బయటికే వేలాడుతున్నాయి. మా ప్లగ్గూ పీకింది. కాసేపు ఆగి మళ్లీ పెట్టింది. ఆగినంతసేపూ కలుపుకుని సరైన టైమే వచ్చింది. తన చేతి గడియారంతో సరిచూసుకుని మా కాగితాల మీద సంతకం పెట్టింది. ఆ అబ్బాయి కాగితం మీద పెట్టలేదు.

సాయంత్రం మేడంను ఆఫీసుకు పిలిచి అడిగారు. మేము బయట హాల్లోనే ఉన్నాం. తలుపు తెరిచే ఉంది.

“ఏందమ్మా, గడియారం తిరగతానే ఉండాది గదా. సంతకానికేం వచ్చినాది?” అన్నాడు కరస్పాండెంటు.

“తిరగడం లేదు సార్. తిరిగినట్టు సూపిస్తా ఉండాది. అబ్బాయిని రేపు ల్యాబుకు పంపండి. దగ్గరుండి నేర్పిస్తాను. వాడు సొంతంగా చేసిన దినం పెడతా.”

“ఇంతమంది పెడతా ఉండారు, నీకొక్కదానికే నొప్పా?”

“నాకు కడుపులో తిప్పతాది సార్,” అంది మేడం.

ఆ అబ్బాయిని ల్యాబుకు ఎవరూ పంపలేదు. సంతకం ఇంకొకరితో పెట్టించారు. మేడంను ల్యాబు నుంచి తప్పించి, ఊరూరా తిరిగి అడ్మిషన్లు పట్టుకురమ్మన్నారు. కొన్నాళ్లకు ఆమె రాజీనామా ఇచ్చి సొంత ఊరు బంగారుపాళ్యం వెళ్లిపోయింది. ఆ అబ్బాయి ఇప్పుడు అదే ల్యాబుకు ఇన్‌చార్జి. సంతాప సభలో “నాకు అక్షరం నేర్పిన తల్లి” అన్నాడు. నా పక్కన కూర్చున్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

నేను రేణిగుంటలో ఒక ఫ్యాక్టరీలో మీటర్లు పరీక్షించే పనిలో ఉన్నాను. ఏ మీటరు నా ముందుకు వచ్చినా ముందు కరెంటు తీసి, మళ్లీ ఇచ్చి చూస్తాను. పై అధికారులకు అది చాదస్తం. నాకు అన్నం పెడుతున్నది అదే.

పెళ్లయ్యాక ఒక ఎండాకాలం మా ఆయనతో కలిసి బంగారుపాళ్యం వెళ్లి ఆమెను చూశాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంట్రోల్ ప్యానెళ్లు చూసుకునే పనిలో కుదిరింది. గేటు దాటగానే కుళ్లిన తొక్కల వాసన ముక్కు పగలగొట్టింది. నేను కొంగు అడ్డం పెట్టుకుంటే ఆమె నవ్వింది.

“ఈ కంపు సాయంత్రం నీళ్లు పోసుకుంటే పోతాది లేమ్మా.”

గుజ్జు కాచే ట్యాంకు పక్కన తాను తయారుచేసి బిగించిన టైము పెట్టె చూపించింది. అక్కడ పనిచేసే ఆడవాళ్లు ఆమెను అక్కా అని పిలుస్తున్నారు. ఆ కాలేజీ సంగతి నేను ఎత్తబోతే “వొద్దు, ఇప్పుడే అన్నం తిన్నా,” అంది.

బయలుదేరేటప్పుడు గేటు దాకా వచ్చింది. నేను బండి మీద మా ఆయన వెనక కూర్చుని, తల తిప్పి చూస్తున్నాను. తొక్కల కుప్ప పక్కన నిలబడి, మొహం చిట్లించుకుని, చెయ్యి అటూ ఇటూ ఊపుతోంది. ఈగలను తోలుతోందో, నాకు పోయిరమ్మని చెబుతోందో తెలియలేదు. రోడ్డు మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి ఊగుతూనే ఉంది.